ఆ గాలం కర్రల సంగతి మనకీ తెలియాలి

"ముట్టుకోకు, నీకు తెలీదు." అటక మీది పాత గాలం కర్రల ఊసెత్తితే మా ఆయన మాట ఇదే. ఏమిటండీ అంత తెలియనిది? ఇంగ్లీషులో గాలం వేట మీద 1496లో అచ్చయిన తొలి పుస్తకాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసినే రాసిందని చెప్పుకుంటారు!

మేముండే ఇంగ్లండులో ఈ కర్రలు పోగేసే మగవాళ్లు చాలామందే. మా పక్కింటి పెద్దావిడ, భర్త పోయాక, కట్ట మొత్తం ఒక వ్యాపారికి చిల్లర డబ్బులకి ఇచ్చేసింది. నలభై ఏళ్లు పోగేసిన మనిషి, ఏది ఏమిటో ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదు. దాన్ని అభిరుచి అనను, స్వార్థం అంటాను.

అసలు జరీ గుర్తుపట్టే మనకి ఇదో లెక్కా? కణుపుల్లేకుండా గుండ్రంగా, బోలుగా ఉంటే ఫైబర్ గ్లాసో కార్బనో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతివి. వేళ్లకి ఆరు పలకలు తగిలితే వెదురు బద్దలు అతికించి చేసింది. పిడి పైన రాత చదవండి. 1872లో ఆల్నిక్‌లో మొదలైన హార్డీ వాళ్లదైతే "పాలకోనా" అని ఉండొచ్చు (మన ఊరి పేరనుకునేరు!). ముక్కల్లో ఒకటే పొట్టిగా ఉంటే కొస విరిగిందేమో అనుమానించండి. దులిపే ఉత్సాహంలో కొత్త వార్నిష్ మాత్రం వేయకండి, రాత చెడితే ధర పడిపోతుంది.

ఈ ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి కర్రకో చీటీ రాయించండి: పేరు, కొన్న ఏడు, ధర. ధర దగ్గర నసుగుతారు, వదలకండి.