వేగమును ఆపరాదా?

రోజుకు పదిహేను మారులు మూత్రమునకు పరుగిడు ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి, తొందర కలిగినపుడు అయిదు నిమిషములు ఓర్చుకొనుమని చెప్పితిని. "వేగములను ఆపరాదని మీరే వ్రాయుదురే!" అని నిలదీసినారు.

ప్రశ్న న్యాయమైనదే. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయమునకు పేరే "నవేగాన్ధారణీయము". గురుకులమున దానిని వల్లె వేసినవాడను. అయినను నా అభిప్రాయమిది: నిండిన మూత్రాశయము పిలుచుట వేరు, కొద్దిపాటి మూత్రమునకే దాని కండరము ముడుచుకొని తొందరపెట్టుట వేరు. శాస్త్రము ఆపవద్దన్నది మొదటిదానిని. రెండవదానిని కొలదికొలదిగా వాయిదా వేయుట చికిత్సయే. మంట, రక్తము, చుక్కలుగా వచ్చుట ఉన్నచో మాత్రము ముందు పరీక్ష చేయించవలెను.

ఆక్సిబ్యుటినిన్ వంటి మాత్రలను నేను నిందింపను. కాని వాటివలన నోరెండును. నోరెండినదని చెంబులకొద్దీ నీరు త్రాగినచో మరల అదే పరుగు! మలబద్ధము కలిగి, గట్టిపడిన మలము మూత్రాశయమును నొక్కును. వృద్ధులకు మతిమరుపు, తికమక కలుగవచ్చును. మిరాబెగ్రాన్‌కు ఈ బాధలు తక్కువ, అయితే రక్తపోటు చూచుకొనవలెను. ఇవన్నియు మాత్ర వ్రాసిన డాక్టరుకే చెప్పవలెను. మా చూర్ణము చేతికి వచ్చినదని ఆ మాత్రను తమంతట తాము మానరాదు.

ఉపాధ్యాయిని సాయంకాలపు కాఫీ విడువనన్నారు. ఉదయపు కాఫీతో సరిపెట్టుకొనుమని ఇప్పటికిని బేరమాడుచున్నాను.