వేసవి మధ్యాహ్నము - బిడ్డల వినోదము



ఏప్రిలు చివరివారమున బడులు మూసినది మొదలు జూను రెండవవారమున మరల తెఱచువఱకు, మన యిండ్లలో పగలు పదకొండు గంటలనుండి నాలుగు గంటలవఱకు ప్రొద్దు గడచుట మిక్కిలి కష్టము. బిడ్డలను ఎండలోనికి పోనీయరాదు. ఇంటిలో నుంచిన ఊరకుండరు. వంట ముగించి నడుము వాల్చిన తల్లికి వారి కలహములు తీర్చుటయే పని యగును. ఆ బాధ పడలేక సెల్‌ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టుట యనేకుల యిండ్లలో జరుగుచున్నది. నేనును అట్లు చేసినదాననే. కావున ఒరులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు.

రెండేండ్ల క్రిందట ఒకనాటి మధ్యాహ్నము నేను నిద్రించుచుండగా, మా యెనిమిదేండ్ల పిల్లవాడు తలుపు గడియ తీసి, ఒంటరిగా ఊరిచెఱువునకు పోయినాడు. ఎఱిగినవా రొకరు వానిని గట్టుమీద చూచి, చేయిపట్టి తెచ్చి నా కప్పగించిరి. వాని ముఖము కందిపోయి, పెదవు లెండియుండెను. కొట్టబోయి, చేయి రాక, “ఏల పోతివిరా?” యని యడిగితిని. “ఇంట్లో ఏం చెయ్యనమ్మా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నాయొద్ద బదులు లేకపోయెను. నాటినుండి మా యింట జరుపుచున్నవానిలో కొన్నింటిని ఇచట వ్రాయుచున్నాను.

మొదట ఆటలు. నేలపై సుద్దతో వరుసకు ఏడేసి చొప్పున రెండు వరుసలు, మొత్తము 14 వృత్తములు గీసిన వామనగుంటలు సిద్ధమగును. గుంటకు అయిదేసి చింతపిక్కలు వేసినచో 70 కావలెను. వానిని లెక్కించి పంచుటతోనే చిన్నవారికి కూడికలు వచ్చును. అష్టాచెమ్మకు నిలువున అయిదు, అడ్డమున అయిదు, వెరసి 25 గడులు చాలును. గవ్వలు లేనిచో నాలుగు చింతపిక్కలను ఒకప్రక్క తెల్లబడువఱకు గచ్చుపై అఱగదీయుడని బిడ్డలకే చెప్పుడు. ఆ పనిలో ఒక గంట గడచును! నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట.

తాటిముంజెలు తిన్న పిదప బుఱ్ఱలను పాఱవేయకుడు. రెండు బుఱ్ఱలను ఒక పుల్లతో ఇరుసువలె గ్రుచ్చి కలిపి, పొడవైన పంగలకఱ్ఱతో ఆ యిరుసును తోసినచో చక్కని బండి యగును. కత్తిపని మాత్రము పెద్దలే చేయవలెను. బండి తోలుటకు ప్రొద్దువాలిన పిదపనే పంపుడు.

ఇక చిఱుతిండ్లు. వీధిలో అమ్మెడు రంగు ఐసుల నీరు ఎటువంటిదో మన మెఱుగము. పానకము బిడ్డలే చేసికొనగలరు. నాలుగు గ్లాసుల మంచినీటిలో ఒక గ్లాసు తఱిగిన బెల్లమును కరగించి వడగట్టవలెను. అందు ఎనిమిది మిరియములను, మూడు ఏలకులను పొడిచేసి కలిపి, అరచెక్క నిమ్మరసము పిండినచో కమ్మగా నుండును. సబ్జాగింజలను వేయదలచినచో పావుగంటసేపు నీట నానబెట్టి, బాగుగా ఉబ్బిన పిదపనే వేయుడు. పొడిగింజలు గొంతున పట్టుకొనును.

మామిడితాండ్ర పలుదినముల వినోదము. రసపుపండ్ల రసమును వడగట్టి, కొంచెము బెల్లము కలిపి, నేయి రాచిన పళ్ళెరమున పలుచగా పోసి, పలుచని బట్ట కప్పి ఎండలో నుంచవలెను. ఒక పొర ఆఱినపిదపనే దానిపై మఱియొక పొర పోయవలెను. ఉదయము ఎండ ముదురకమునుపు పళ్ళెరమును బయట పెట్టుట, సాయంకాలము లోనికి తెచ్చుట, పొరలు లెక్కించుట బిడ్డల పని.

ఒక్క మాట. ఈ పనులు ఆడపిల్లలకు, ఆట మగపిల్లలకు అని విభజింపకుడు. మా యింట బెల్లము తఱుగునది నేను, వడగట్టువాడు పిల్లవాడు, గ్లాసులు కడుగుట ఇరువురి వంతు. నేల తడిసినను, పానకము ఒలికినను కోపపడవలదు. తుడుచుటయు వారికే నేర్పుడు.

ఎంత కాచుకొన్నను బిడ్డ ఎండ తగిలి, ఒడలు కాలుచు, మాట తడబడి, మైకము క్రమ్మినట్లుండిన, తడిబట్టలతో ఒడలు చల్లబఱచుచు వెంటనే వైద్యునియొద్దకు కొనిపోవలెను. తెలివి లేనప్పుడు నోట నీరు పోయరాదు.

ఈ వేసవిలో మా వాడు తాండ్ర నాలుగవ పొర పోయుచు, “ఇంకెన్ని రోజులమ్మా?” అని యడిగినాడు. మధ్యాహ్నము తలుపుగడియవైపు చూచుట మానినాడు. నేను నిశ్చింతగా అరగంట నిద్రించుచున్నాను. మీ యిండ్లలో జరుపు వినోదములను కూడ వ్రాసి పంపిన తక్కిన తల్లులకు మేలు చేసినవారగుదురు.