క్లోమశోథము – ఇల్లా, ఆసుపత్రియా?

మా ఇబ్రహీంపట్నంలోను, చుట్టుపక్కల మంచాల, యాచారం పల్లెలలోను ఇటీవల ఒక మాట తరచుగా వినవస్తున్నది. "పాంక్రియాస్ వాచిందట. మైల్డేనట. ఇంటికాడనే చూసుకుందామంటున్నరు." ఈ ‘మైల్డు’ను గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని కొంతకాలంగా అనుకొంటున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఒక మాటను దాని అర్థానికి మించి వాడితే కలిగే నష్టమేమిటో చెప్పే పాటి అధికారం భాషోపాధ్యాయునికి ఉన్నదని నా నమ్మకం.

ముందుగా కొంత చాదస్తం. మిత్రులు క్షమించాలి. పాంక్రియాస్‌ను మన పాఠ్యపుస్తకాలు క్లోమము అన్నవి. ఆయుర్వేద గ్రంథాలలోని క్లోమము ఈ అవయవమేనా అన్న విషయంలో పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. పిత్తాశయమన్నవారున్నారు, ఊపిరితిత్తి అన్నవారున్నారు. చరకుడు మాత్రం శరీరంలో నీటిని మోసే మార్గాలకు అంగిలితో పాటు క్లోమమును మూలంగా చెప్పినాడు. ఈనాటి వైద్యులు క్లోమం వాచినప్పుడు మొట్టమొదట చేసే పని ఒంట్లో తగ్గిన నీటిని తిరిగి నింపడమే. ఇది కాకతాళీయమే కావచ్చును గాని, తెలిసినప్పుడు నాకు ముచ్చట వేసినది.

ఇక విషయానికి వస్తాను. క్లోమం జీర్ణాశయం వెనుక దాగి ఉండే గ్రంథి. ఆహారాన్ని జీర్ణం చేసే రసాలను అది నిద్రాణస్థితిలో తయారుచేసి చిన్నప్రేగులోకి పంపుతుంది. అక్కడికి చేరిన తరువాతనే అవి మేలుకొంటాయి. పిత్తాశయంలోని రాయి జారి దారికి అడ్డుపడినా, మద్యం మితిమీరినా, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటినా ఆ రసాలు గ్రంథిలోనే మేలుకొని దానినే జీర్ణం చేయబోతాయి. పైకడుపులో పుట్టిన నొప్పి వీపులోకి దూసుకొనిపోతుంది, వాంతులు ఆగవు. రక్తనాళాలలోని నీరు బయటికి ఊరిపోతుంది. రక్తపోటు పడిపోయి, మూత్రం తగ్గి, చివరకు మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు ముప్పు వస్తుంది. అందరికీ ఇంతదూరం రాదు. ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి వారం లోపలనే తగ్గిపోతుంది. ‘మైల్డు’ అనేది వీరి జబ్బునే.

చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం ఏ అవయవమూ దెబ్బతినకుండా, గ్రంథి చుట్టూ ఉపద్రవాలు లేకుండా ఉంటేనే అది స్వల్పమైన క్లోమశోథం. అవయవం దెబ్బతిని 48 గంటలు దాటినా కోలుకోకపోతే తీవ్రం. అంటే గడియారం కొంత తిరిగితే గాని పేరు పెట్టడానికి వీలులేదు. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనంటే ‘స్వల్పము’ అన్న విశేషణం ఇక్కడ భూతకాలానికి చెందినది. నొప్పి మొదలైన మూడవ గంటలో ‘ఇది స్వల్పం’ అనడం, పరీక్ష వ్రాయకముందే పిల్లవాడు ఉత్తీర్ణుడైనాడని చెప్పడం వంటిది. లైపేజు అనే రసాయనం రక్తంలో ఎంత పెరిగినదో ఆ అంకెను చూసి తీవ్రతను కొలవడం కూడా పొరపాటే. మామూలుకు మూడింతలు దాటితే జబ్బు ఫలానా అని నిర్ణయించడానికి అది పనికివస్తుంది గాని, జబ్బు ఎంతటిదో అది చెప్పదు.

ఈ కారణం చేతనే మొదటి ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలోనే గడవాలన్నది నా దృఢాభిప్రాయం.

మావాళ్ళు ఆసుపత్రి అంటే ఎందుకు వెనుకాడతారో నాకు తెలియనిది కాదు. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి. తరువాతి రోజులలో వారిలో నలుగురు మరణించినారు. ఆ భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం చదువుకున్నవారికి తగదు. పైగా సాగర్ రోడ్డు మీదుగా ఎల్.బి.నగర్ దాటి ఉస్మానియాకో నిమ్స్‌కో చేరడమంటే ఒక పూట మాట. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచినారు, సంతోషమే. కాని తోడు కూర్చున్నవారి భోజనం, పోయిన కూలి, ఇంటి దగ్గర పాలు పితకవలసిన గేదె, ఇవి ఏ కార్డులోకీ ఎక్కవు.

అందుచేత మధ్యేమార్గమొకటి పుట్టినది. ఆరెంపీని పిలిపించి, దూలానికి సీసా కట్టి, సెలైను ఎక్కించి, గ్యాసు సూది వేయించడం. దీనినే మావాళ్ళు ‘ఇంటి దగ్గర ట్రీట్‌మెంటు’ అంటున్నారు. మా బంధువులలో ఒకాయనకు ఇట్లాగే రాత్రంతా రెండు సీసాలు ఎక్కినవి. మూత్రం ఎంత వచ్చినదని అడిగినవారు లేరు. తెల్లవారేసరికి అసలు రాలేదు. 108లో నగరానికి తరలిస్తే పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడినాడు. ఆయనకు మొదటి రాత్రి వైద్యం అందలేదని ఎవరూ అనలేరు. వైద్యం అందినది, కొలత అందలేదు.

ఆ కొలతను గురించి మరికొంత చెప్పవలసి ఉన్నది. నీరు తక్కువైతే ప్రమాదమని తెలిసిన తరువాత, ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత మంచిదని వైద్యలోకమే చాలాకాలం భావించినది. 2022లో ప్రచురితమైన ‘వాటర్‌ఫాల్’ అనే పరిశోధన ఆ భావన మీద నీళ్ళు చల్లినది. మన దేశంతో పాటు స్పెయిన్, ఇటలీ, మెక్సికోలలోని ఆసుపత్రులు అందులో పాల్గొన్నవి. ధారాళంగా ద్రవాలు ఎక్కించినవారిలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు మితిమీరినది. మితంగా ఎక్కించినవారిలో 6.3 శాతానికే అట్లా జరిగినది. జబ్బు ముదరకుండా ఆపడంలో ధారాళత్వం వల్ల ఒరిగిన మేలు కనబడలేదు. పరిశోధనను మధ్యలోనే ఆపివేసినారు. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పేనన్నప్పుడు, నాడిని, మూత్రాన్ని, రక్తంలోని యూరియాను పదే పదే చూస్తూ సీసా వేగాన్ని మార్చే మనిషి పక్కన ఉండాలి. దూలానికి కట్టిన సీసా ఆ పని చేయలేదు.

ఇంతవరకు చదివి నన్ను ఆసుపత్రుల పక్షపాతిగా జమకట్టవద్దు. రెండవ వైపు కూడా ఉన్నది. మా వీధిలో ఒకావిడ నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి మూడవ రోజుకే ఇడ్లీ తిని తిరుగుతున్నా, ఎనిమిదవ రోజు దాకా పంపలేదు. ఎందుకని అడిగితే ‘అబ్జర్వేషన్’ అన్నారట. బిల్లును కూడా అబ్జర్వేషన్‌లోనే ఉంచితే బాగుండేది! కొన్నిచోట్ల ఇంకా రోజుల తరబడి నోటికి ఏమీ ఇవ్వకుండా ఎండగడుతున్నారు. తట్టుకోగలిగినవారికి మొదటి 24 గంటలలోపే ఆహారం మొదలుపెట్టవచ్చునని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2018లోనే సూచించినది. నూనె తక్కువగా మెత్తని అన్నమో, జావో, పలుచని పప్పో తిని నిలుపుకొంటున్నవారికి, నోటిమాత్రతోనే నొప్పి అణగుతున్నవారికి, ఆసుపత్రి మంచం మీద మిగిలిన పని పెద్దగా ఉండదు. అటువంటివారు ఇంటికి పోవలసిందే.

టర్కీ వైద్యులు ఈ విషయమై చేసిన ఒక చిన్న పరిశీలన 2014లో అచ్చయినది. అందులో ఉన్నది వందమందికి లోపే. మద్యం వల్ల జబ్బు తెచ్చుకొన్నవారిని చేర్చుకోలేదు. సగం మందిని త్వరగా ఇంటికి పంపి, నర్సును వారి ఇంటికే పంపించి కనిపెట్టి చూసినారు. ఆసుపత్రిలో ఉన్నవారికంటె వారికి కీడు ఎక్కువ జరగలేదు. ‘ఇంట్లోనే తగ్గిపోతుంది’ అనేవారికి ఇది ఆధారంగా కనిపించవచ్చును. అయితే వారు ఆసుపత్రి గడప తొక్కనివారు కారు. రోగనిర్ణయం అయి, తీవ్రం కాదని తేలి, ఆ తరువాత ఇల్లు చేరినవారు. మంచాలలోనో యాచారంలోనో ఆ నర్సు ఎవరు? సాధారణంగా కోడలు. ఆమెకు ఏది చూడాలో ఎవరూ చెప్పరు. డిశ్చార్జి కాగితం మీద ఆంగ్లంలో నాలుగు మందుల పేర్లుంటాయి. జ్వరం, మళ్ళీ మొదలైన వాంతి, ఆయాసం, తగ్గిన మూత్రం, ముదిరిన నొప్పి – ఇవి కనబడితే అర్ధరాత్రయినా బయలుదేరండి అని తెలుగులో ఒక్క వాక్యం వ్రాసి ఇవ్వడానికి ఏ ఆసుపత్రికైనా ఎంత ఖర్చవుతుంది?

మరొక సంగతి. నొప్పి తగ్గి ఇల్లు చేరగానే అందరూ కారణాన్ని మరచిపోతారు. పిత్తాశయంలో రాళ్ళున్నవేమో అల్ట్రాసౌండులో చూడకుండా, ఉంటే ఏమి చేయాలో అడగకుండా ఇంటికి రావద్దు. స్వల్పమైన క్లోమశోథం వచ్చినవారికి అదే చేరికలో పిత్తాశయం తీసివేస్తే మేలా, నెల రోజులు ఆగితే మేలా అని డచ్చివారు పరిశోధించి 2015లో ప్రకటించినారు. ఆగినవారిలో 17 శాతం మందికి రాళ్ళ ఉపద్రవాలు వచ్చినవి. ఆగనివారిలో 5 శాతానికే. "పంటకోతలయినంక వస్తం" అని వాయిదా వేసేవారికి ఈ రెండు అంకెలు చెప్పి చూడండి. ఇక కారణం మద్యమో కల్లో అయినవారికి చెప్పవలసినది ఒక్కటే, అది వారికి ముందే తెలుసు.

చివరగా ఒక విన్నపం. ‘క్లోమశోథము’ అంటే మా వీధిలో ఒక్కరికీ అర్థం కావడం లేదు. ‘పాంక్రియాటైటిస్’ నోరు తిరగడం లేదు. పల్లెలో ముసలమ్మ కూడా పలకగలిగిన తెలుగు మాట చదువరులలో ఎవరికైనా తోచినా, మీ వైపు వాడుకలో ఉన్నా, వ్యాఖ్యలో తెలియజేయగోరుతాను.