జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

మా నాన్న పాస్‌పోర్టులో పుట్టినరోజు జూలై 1. మా పెదనాన్నదీ జూలై 1. నాన్న ఎప్పుడు పుట్టాడని అడిగితే మా నానమ్మ, "సంక్రాంతి ముందు, కోతలప్పుడు" అనేది. జూలైలో కోతలెక్కడివి! బళ్ళో చేర్చుకునే రోజున హెడ్మాస్టరు గారు రిజిస్టర్లో గడి ఖాళీగా వదలలేక ఏదో ఒక తేదీ వేసేశారు, అంతే.

అమెరికాలో ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్న నాకు ఆ హెడ్మాస్టరు గారు ఇప్పటికీ కనిపిస్తుంటారు. సీ షార్ప్‌లో డేట్‌టైమ్ ఒక స్ట్రక్ట్. క్లాసుకైతే నల్ ఇవ్వొచ్చు. స్ట్రక్ట్‌లో మాత్రం ఏదో ఒక విలువ ఉండి తీరాలి. దాని డిఫాల్ట్ విలువ క్రీస్తుశకం 1వ సంవత్సరం, జనవరి 1, అర్ధరాత్రి. ఫంక్షన్‌కి పంపడానికి తేదీ లేనప్పుడు చాలామంది దాన్నే పంపి చేతులు దులుపుకుంటారు.

నేనూ దులుపుకున్నాను. ఒక క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో, "చివరిసారి వచ్చిన తేదీ" అన్న పారామీటర్‌కి కొత్త పేషెంట్ల విషయంలో అదే పంపాను. వాళ్ళందరికీ "మీరు చెకప్‌కి వచ్చి చాలాకాలమైంది" అని ఉత్తరాలు వెళ్ళాయి. లెక్క ప్రకారం రెండువేల ఏళ్ళు దాటింది మరి! ఒక పెద్దావిడ, ముందెప్పుడో వచ్చిన సంగతి తనే మరిచిపోయిందేమోనని బెంగపడి, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిందట. ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సీ షార్ప్ 2.0 వచ్చిన 2005 నుంచీ దీనికి మందు ఉంది. టైపు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే చాలు, విలువ ఉందో లేదో అది విడిగా గుర్తుపెట్టుకుంటుంది. వాడే ప్రతిచోటా హాజ్‌వాల్యూ చూడాలి, విసుగు అంటారు మా టీములో కుర్రాళ్ళు. నాకు కావలసింది ఆ విసుగే. 1965లో నల్ రిఫరెన్స్‌ని కనిపెట్టిన టోనీ హోర్, తర్వాత దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నాడు. కావచ్చు. కానీ నల్ తగిలితే ప్రోగ్రాము అక్కడే కూలుతుంది, మనకి తెలుస్తుంది. దొంగ తేదీ చప్పుడు చెయ్యదు, దర్జాగా లెక్కల్లో కలిసిపోతుంది.

ప్రశ్నార్థకంతో అంతా తీరిపోయిందనీ అనను. తేదీ లేదంటే, ఆ మనిషి అసలు రాలేదనా, వచ్చినా ఎప్పుడో మనకి తెలియదనా? తెలుగులో "లేదు" వేరు, "తెలియదు" వేరు. నల్ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. మా నాన్న పుట్టిన తేదీ "లేదు" కాదు కదా, "తెలియదు". అందుకే అలాంటిచోట నేనిప్పుడు పక్కన ఇంకో ఫీల్డు పెడుతున్నాను. కోడ్ రివ్యూలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదెందుకని అడుగుతారు. పెద్దావిడ కథ మళ్ళీ మొదలుపెడతాను.