కౌన్సెలర్‌ ఎక్కడ?
ర్యాంకుల చదువుల్లో పిల్లల మనసుకు కరవైన రక్షణ
సుప్రీంకోర్టు మార్గదర్శకాల అమలులో జిల్లా యంత్రాంగమే కీలకం

విశాఖపట్నం: పిల్లలను కళాశాలలో చేర్చే ముందు తల్లిదండ్రులు ఫీజు ఎంత, గత ఏడాది ఎన్ని ర్యాంకులు వచ్చాయి, హాస్టల్లో భోజనం ఎలా ఉంటుంది అని వాకబు చేస్తారు. బిడ్డ మానసికంగా కుంగిపోతే చూసేవారెవరని అడిగేవారు అరుదు. సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పుతో ఆ ప్రశ్నకు ఇప్పుడు చట్టబలం చేకూరింది. ఆ తీర్పునకు మూలం విశాఖ నగరమే కావడం గమనార్హం.

ఇతర రాష్ట్రం నుంచి నీట్‌ శిక్షణకు వచ్చి ఇక్కడి హాస్టల్లో ఉంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మృతి చెందింది. దర్యాప్తు తీరుపై ఆమె తండ్రి న్యాయపోరాటం సాగించారు. కేసును సీబీఐకి అప్పగించిన సర్వోన్నత న్యాయస్థానం అంతటితో ఆగలేదు. తగిన చట్టం వచ్చే వరకు దేశమంతటా పాటించాల్సిన 15 మార్గదర్శకాలను జారీ చేసింది.

తీర్పులో ఏముంది?

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరిని నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారికంగా అనుసంధానం కావాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. శిక్షణ కేంద్రాలపై పర్యవేక్షణకు, తనిఖీలకు, ఫిర్యాదుల స్వీకరణకు కలెక్టర్‌ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

మారని పద్ధతి

కళాశాలల్లో ఒత్తిడిపై అధ్యయనాలు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ ఏర్పాటయ్యాయి. అయినా సుదీర్ఘమైన స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులు తగ్గితే సెక్షన్‌ మార్చే పద్ధతి పోలేదు. దీనిని క్రమశిక్షణగా సమర్థించుకునేవారున్నారు. వాస్తవానికి, అప్పటికే వెనుకబడిన విద్యార్థికి స్నేహితులను, ఆత్మగౌరవాన్ని ఒకేసారి దూరం చేసే చర్య అది. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు బలవన్మరణం పాలయ్యారు.

ఇవి గమనించండి

13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్లు నిమ్హాన్స్‌ నిర్వహించిన 2015-16 జాతీయ సర్వే అంచనా వేసింది. నిద్ర, ఆకలి తగ్గడం, ఇష్టమైన ఆటపాటలకు దూరం కావడం, తరచూ తలనొప్పి, కడుపునొప్పి అనడం, అకారణంగా చిరాకు పడటం రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యులను సంప్రదించాలి. ‘నేనెందుకూ పనికిరాను’, ‘నేను లేకపోతేనే నయం’ అనే మాటలు వినిపిస్తే ఒక్కరోజు కూడా జాప్యం చేయరాదు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆప్యాయంగా అడిగితే పిల్లలు మనసు విప్పుతారు. హాస్టల్‌కు ఫోన్‌ చేసినప్పుడు మార్కుల కంటే ముందు ‘ఎలా ఉన్నావమ్మా, బాగా నిద్ర పడుతోందా’ అని అడగడం మేలు. టెలి మానస్‌ నంబరు 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోన్‌ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.

తనిఖీ బృందాలు భవనాలను, అనుమతి పత్రాలను చూసి వెనుదిరిగితే చాలదు. కౌన్సెలర్‌ అర్హత ఏమిటి, వారంలో ఎన్ని గంటలు అందుబాటులో ఉంటున్నారు, విద్యార్థి చెప్పిన మాట యాజమాన్యానికి చేరకుండా గోప్యత ఉందా అన్నవి విచారించాలి. ఆ వివరాలను ప్రతి హాస్టల్‌ నోటీసు బోర్డుపై ఉంచేలా అధికారులు ఆదేశించాలి. ప్రవేశాల వేళ తల్లిదండ్రులు సైతం ఫీజు కట్టే ముందే వాటిని అడిగి తెలుసుకోవాలి.