ఈతకొలనును శుభ్రపఱచు యంత్రము – ఎంచుకొను విధము



ఇంటికి ఏ వస్తువును కొనవలసివచ్చినను, దాని వెలకంటె ముందు దానివలన ఎవరి శ్రమ తగ్గును, ఎవరిపై క్రొత్తభారము పడును అని విచారించుట గృహిణికి విధి. ఈ నెల మేము వ్రాయబూనిన వస్తువు కొందఱికి విడ్డూరముగ దోపవచ్చును. అది యింటి ఈతకొలను అడుగున తనంతట తాను తిరుగుచు, మన్నును ఆకులను పీల్చుకొను రోబో యంత్రము. "త్రాగునీటికి బిందెలు వరుసబెట్టిన పాలమూరులో ఈ ముచ్చట యేల?" యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దానిని మేము దాటవేయము.

ఇప్పటి స్థితి యిది. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారి వెంబడి, షాద్‌నగరు, బాలానగరు మీదుగా మా జడ్చర్ల వఱకు తోటలలో విడిదియిండ్లు వెలసినవి. వానిలో కొన్నింట చిన్న ఈతకొలను గలదు. కట్టించునది పురుషులు, కట్టిన పిదప నీరు పచ్చబడినదా, అడుగున మన్ను పేరినదా యని చూచుకొను పని తఱచుగ ఆడువారి పాలబడుచున్నది. మా ఆడపడుచుగారింటను ఇట్లే జరిగినది. ఆమె యీ యంత్రమును కొనదలచి, మమ్ము తోడు రమ్మని పిలిచి, రెండు మూడు రకములను నీటిలో దింపించి చూచినది. అప్పుడు మేము గమనించినవియు, మా వారు లెక్కగట్టి యిచ్చినవియు ఇచట వ్రాయుచున్నాము. మా యింట కొలను లేదు. సంపును, మిద్దెపై ట్యాంకును మాత్రమే గలవు. కావున ఏ సరకు పక్షమునను మేము మాటలాడుట లేదు.

మొదట పేరును గూర్చి యొక మాట. 'రోబో' యను పదము చెక్ రచయితయగు కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన 'ఆర్‌.యు.ఆర్‌.' అను నాటకముతో లోకమున వ్యాపించినది. ఆ భాషలో దాని మూలపదమునకు నిర్బంధముగ చేయించుకొను చాకిరి యని యర్థము. తెలంగాణమువారికి దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు. నిజాము కాలమున మన పల్లెలను పీడించిన వెట్టిచాకిరి వంటిదే యది. మనిషిచేత వెట్టి చేయించుట పాపము. యంత్రముచేత చేయించుట పాపము గాదు. గాని యంత్రము వచ్చిన పిదప ఆ మనిషి గతి యేమి యన్నది మిగిలియుండును. దానిని తుదకు విచారింతము.

కొలనును శుభ్రపఱచు సాధనములు మూడు తెగలు. మొదటి తెగ, కొలను పంపు యొక్క పీల్పుడు బలముతో నడచునది. 1974లో దక్షిణాఫ్రికా దేశమున ఫెర్డినాండ్ షోవియే యను నతడు రూపొందించిన 'క్రీపీ క్రాలీ' యీ తెగలో ప్రసిద్ధి కెక్కినది. రెండవ తెగ, పంపు వెలికి నెట్టు నీటి వేగముతో నడచునది. మూడవది రోబో. దీనికి స్వంత మోటారు, స్వంత బ్రష్షులు, స్వంత వడపోత బుట్ట గలవు. విద్యుత్తు తప్ప పంపుతో సంబంధము లేదు. 1983లో ఇజ్రాయేలు దేశమున ఒక సహకార గ్రామమున మొదలైన మేట్రానిక్స్ సంస్థ 'డాల్ఫిన్' అను పేర వీనిని చేయుచున్నది. ఇప్పుడు వేఱు దేశముల సంస్థలు పెక్కు పోటీగా నున్నవి.

మన సీమలో మూడవ తెగనే మేమేల మేలనుచున్నామో వినుడు. మొదటి తెగ యంత్రము పీల్చిన మన్ను పోయి పంపు ప్రక్కనున్న ఇసుక ఫిల్టరులో జేరును. ఆ ఫిల్టరును కడుగుటకు నీటిని వెనుకకు త్రిప్పి బయటికి విడువవలెను. గంటకు 10,000 లీటర్ల నీటిని త్రిప్పు పంపైనచో, మూడు నిమిషముల కడుగుటకు 500 లీటర్లు వ్యర్థమగును. వారమున కొకమాఱు కడిగినచో ఏడాదికి 26,000 లీటర్లు. రోబో తన మన్నును తన బుట్టలోనే దాచుకొనును. ఆ బుట్టను ఒకటి రెండు బకెట్ల నీటితో కడుగవచ్చును. పెద్ద ఫిల్టరును నెల కొకమాఱు కడిగిన చాలినయెడల ఖర్చు 6,000 లీటర్లకు దిగును. మిగులు 20,000 లీటర్లు బోరులోనే నిలుచును.

ఇక కొనునప్పుడు చూడదగిన లక్షణములు.

మొదటిది, వడపోత. మాది చల్క నేల. ఎఱ్ఱని సన్నదుమ్ము గాలికి లేచి నీటిలో పడును. వేపాకులను పట్టు పెద్దకన్నుల బుట్ట యీ దుమ్మును పట్టలేదు; ఒకవైపున పీల్చి మఱియొకవైపున వదలును, నీరు మునుపటికంటె మసకబాఱును. కావున ఆకులకొక బుట్ట, సన్నదుమ్మునకు 50 మైక్రానులకు లోబడిన మఱియొక వడపోత, రెండును ఉన్న యంత్రమునే తీసికొనవలెను. మనిషి వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. దానిని బట్టి యీ కొలతను ఊహించుకొనుడు.

రెండవది, బ్రష్షు. నున్నని టైల్స్ పై కొన్ని రబ్బరు బ్రష్షులు జాఱును, గోడ యెక్కలేవు. మెత్తని స్పంజి వంటి బ్రష్షు పట్టు దొరకబుచ్చుకొనును. గరుకు సిమెంటు కొలనునకు రబ్బరు బ్రష్షు తగును. కొలను అడుగు ఏ పూత గలదో ముందుగ చెప్పి, దానికి తగినదానిని అడుగవలెను.

మూడవది, గోడలెక్కుట. వెల తక్కువ రకములు అడుగు మాత్రమే తుడుచును. పాచి తొలుత పట్టునది గోడలకు, మెట్లకు, నీటి అంచు గీతకు. అడుగు మాత్రము తుడుచు యంత్రమును కొన్నచో గోడలు మనిషియే తోమవలెను. అది యెఱిగి కొన్న తప్పులేదు, ఎఱుగక కొన్న చింత.

నాలుగవది, తీగ. విద్యుత్ పెట్టెను నీటి అంచునకు కనీసము మూడు నాలుగు మీటర్ల దూరమున, నీడయందుంచవలెను. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల కొలనునకు మూలనుండి మూలకు సుమారు 9 మీటర్లు. పెట్టె దూరము, లోతు కలిపినను 15 మీటర్ల తీగ సరిపోవును. మిక్కిలి పొడవైనది చిక్కుపడును. తీగలేక బ్యాటరీతో నడచునవియు గలవు. అవి వాడుకకు సులభము. గాని యేండ్లు గడచినకొలది బ్యాటరీ బలము తగ్గును, మే నెల యెండలో రేకుల షెడ్డున నుంచిన మఱియు త్వరగ చెడును. క్రొత్త బ్యాటరీ దొరకునా, దాని వెల యెంత యని కొనుటకు ముందే అడుగవలెను.

ఐదవది, బరువు. పొడిగా నున్నప్పుడు చేతికి తేలికగ దోచును. నీటినుండి లేపునప్పుడు కడుపునిండ నీరుండును. పిడిపట్టి అంచువద్ద కొంతసేపు నిలిపి, నీరు కాఱనిచ్చి, పిదప లేపవలెను. తీగ పట్టి లాగరాదు. అంగడివాడు లేపి చూపుట గాదు, ఇంట దానిని ప్రతిదినము లేపు స్త్రీ లేపి చూడవలెను.

ఆఱవది, మరమ్మతు. వెల లక్ష రూపాయలకు అటునిటు నుండును. గోడలెక్కు పెద్దవి రెండు లక్షలు దాటును. ఇంత పోసి కొన్న వస్తువునకు బ్రష్షు అరిగినను, పట్టా తెగినను హైదరాబాదునందైన విడిభాగములు దొరకకున్న అది మూలబడిన ఇనుము. చిల్లగింజ పేరు పలికినంత నీరు తేటపడదని పెద్దలమాట. గొప్ప సంస్థ పేరు విని మురియుటయు అట్టిదే.

విద్యుత్తు మాట. లోన తిరుగు యంత్రమునకు పెట్టె నుండి వచ్చునది సుమారు 24 నుండి 30 వోల్టుల అల్పవిద్యుత్తు. రెండున్నర గంటల పనికి అర యూనిటు ఖర్చగును. అయినను పెట్టెకు వచ్చునది ఇంటి విద్యుత్తే. కావున ఆ లైనునకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌.సి.సి.బి. మీట, మంచి ఎర్తింగు ఉండి తీరవలెను. యంత్రము నడచుచుండగా నీటిలో ఎవ్వరును దిగరాదు. పిల్లలు దానిని ఆటబొమ్మ యని భావింతురు.

ఈ యంత్రము చేయనిదియు చెప్పవలెను. ఇది మన్ను తీయునుగాని క్రిములను చంపదు. నీటిని త్రిప్పు పంపు నడువవలసినదే. క్లోరిను లీటరునకు 1 నుండి 3 మిల్లీగ్రాములు, పి.హెచ్. 7.2 నుండి 7.8 ఉన్నదా యని పరీక్షపెట్టెతో చూచుకొనవలసినదే. మా బోరు నీరు కఠినజలము. టైల్స్ పై తెల్లని సున్నపు పొర కట్టును. గట్టిపడిన యా పొరను ఏ రోబో బ్రష్షును గీకలేదు. దానిని పోగొట్టుటకు కొందఱు ఆసిడు వాడుదురు. ఆసిడును, బ్లీచింగు పొడిని ఎన్నడును ఒకచోట కలుపరాదు. ఒకదానితో కడిగిన బకెట్టులో రెండవదానిని పోయరాదు. వాని కలయికచే పుట్టు విషవాయువు ఊపిరితిత్తులను కాల్చును. ఈ రెండింటిని వేర్వేఱు గదులలో దాచుడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పైన చెప్పిన కొలనులో సగటు లోతు 1.4 మీటర్లనుకొన్న, పట్టు నీరు 44,800 లీటర్లు. మిషన్ భగీరథ పథకమున పల్లెలలో తలకు దినమునకు 100 లీటర్లు నిర్ణయించిరి. అనగా ఆ యొక్క కొలను 448 మంది యొక దినపు నీరు. నీరు పాడుచేసికొని ఏడాదికి రెండుమాఱులు పాఱబోయుట యెంతటి దోషమో యీ లెక్కయే చెప్పును. మఱియు మండువేసవిలో దినమునకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరియైనచో, ఆ కొలను నుండి 256 లీటర్లు గాలిలో కలియును. నెలకు 7,680 లీటర్లు. దీనిని ఏ రోబోయు ఆపదు. కొలనుపై పఱచు కప్పు చాలవఱకు ఆపును. కావున వేసవిలో బోరు ఎండు చోట రోబోకు ముందు కప్పు కొనవలెను. ఫిల్టరు కడిగిన నీటిని తొట్టిలో రెండు దినములు ఎండకు విడిచి, క్లోరిను పోయిన పిదప నీడచెట్లకు పోయవచ్చును.

భారతమున మయసభలో దుర్యోధనుడు నీటిని నేల యని భ్రమించి తడిసెను, చూచినవారు నవ్విరి. నేటి యిండ్లలో అట్లు భ్రమపడునది రెండేండ్ల బిడ్డ. అచట నవ్వువారుండరు. కొలను తేటపడినకొలది అడుగు దగ్గఱగ గన్పించి మోసగించును. నాలుగడుగుల కంచె, తనంతట మూతబడు తలుపు, పిల్లలకందని గడియ, ఇవి లేని యింట రోబో కొనుట, తల నొప్పి యని కాలికి మందు పూసినట్లుండును.

తుదకు మనిషి మాట. మా ఆడపడుచుగారి తోటలో వాచ్‌మన్ భార్య యింతకాలము మోకాలిలోతు నీట దిగి, కఱ్ఱబ్రష్షుతో అడుగు తోముచుండెను. యంత్రము పరీక్షించు దినమున ఆమె ప్రక్కన నిలిచి చూచి, మెల్లగా, "గా మిషిను వచ్చినంక మాకు గీడ పని ఉంటదా అమ్మా?" అని యడిగినది. దేశమున ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు మన్నెత్తిన పాలమూరు కూలీల బిడ్డ యామె. ఆ ప్రశ్నకు అచట నున్న మేమెవ్వరము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

కేరళలో పుట్టిన 'బాండికూట్' అను రోబోను 2018 నుండి మురుగు గుంటలలో దింపుచున్నారు. మనిషి ప్రాణమును తీయు పని నుండి మనిషిని తప్పించుచున్నది గనుక దానికి నమస్కరింపవచ్చును. ఇంటి కొలను రోబో అంత పుణ్యము చేయదు. ఇది ఒక స్త్రీ కాళ్ల ఒఱుపును తగ్గించును. ఆమె కూలిని కూడ తగ్గించినచో ఆ మేలు కీడగును. మా ఆడపడుచు రెండు దినములు ఆలోచించి, జీతము తగ్గింపక, యంత్రమును దింపుట, బుట్ట కడుగుట, నీటిని పరీక్షించి పుస్తకమున వ్రాయుట ఆమెకే యప్పగించినది. అంకెలు వ్రాయుట ఆమెకు మా వారు నేర్పుచున్నారు. యంత్రము వెలను పనిమనిషి జీతములో మిగుల్చుకొందమని లెక్కవేయు సోదరీమణులు దానిని కొనకుండుటయే మేలని మా యభిప్రాయము.

చిన్న కొలను గలవారికి, నెలకొక్కనాడు మాత్రము విడిదికి పోవువారికి ఈ యంత్రమక్కఱలేదు. ఆకులు తీయు వల, పొడవు కఱ్ఱకు బిగించిన బ్రష్షు, చేతితో నడపు పీల్పుడు గొట్టము చాలును. తక్కినవారు కొను క్రమమిది: ముందు కంచెయు తలుపును, పిదప కప్పు, పిదప నీటి పరీక్షపెట్టె, ఆ పిమ్మటనే రోబో. కొనుటకు ముందు మీ కొలనులోనే ఒకపూట నడిపించి, బుట్ట తెఱచి, లోన ఎఱ్ఱదుమ్ము నిలిచినదా లేదా యని మీ చేతితో తడవి చూడుడు.