గుండ్రని నోరు, లోతైన కంఠం

నిండైన కంఠధ్వనిని ఆంగ్లంలో ‘ఒరొటండ్’ అంటారు. ‘గుండ్రని నోటితో’ అని అర్థమిచ్చే లాటిన్ పదబంధం దానికి మూలం. రోమను కవి హోరేస్ గ్రీకుల వాగ్వైభవాన్ని ప్రశంసిస్తూ దానిని ప్రయోగించాడు. కాలక్రమాన ఆ విశేషణానికే డాంబిక భాషణమనే నిందార్థమూ సంక్రమించింది.

మన ‘గంభీర’ శబ్దం నోటి ఆకృతిని గాక లోతును చెబుతుంది. నీటికీ కంఠానికీ అదే మాట. (కొల్లేరు ఎంత విశాలమైనా లోతు స్వల్పమే సుమా!) 1986లో పద్మశ్రీ పొందిన బుర్రకథకుడు షేక్ నాజర్‌కు కంచుకంఠంతో పాటు బెంగాలు కరవు వంటి కథావస్తువు ఉండేది.

మన వక్తృత్వ పోటీలలో మైకు హోరుకే బహుమతులు దక్కుతున్నాయి. తెలుగైనా ఉర్దూ అయినా, స్వరానికిచ్చే మార్కులలో సగం విషయానికి మళ్ళించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాను.